సారె చిలకల ఆర్డరు ఒప్పుకునే ముందు

చోడవరం చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లయిన అమ్మాయి అత్తారింటికి వెళ్తోందంటే వెంట సారె వెళ్లాలి. సారెలో లడ్డూ, మైసూర్‌పాక్, కాజా, జంతికలు, అరిసెలు ఎన్ని ఉన్నా పంచదార చిలకలు కనిపించకపోతే, వీధిలో పంచేటప్పుడు ఎవరో ఒకరు అడిగి తీరతారు. ఆ చిలకల్ని ఇంట్లో చేసి అమ్ముదామని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీలో అచ్యుతాపురం వైపు షిఫ్టు డ్యూటీకి వెళ్లొచ్చేవాళ్లు ఉంటారు. డ్వాక్రా గ్రూపులో ఉండి లోను తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు ఉంటారు. అందరికీ ముందు చెప్పాల్సింది ఒకటే. చిలక పోయడం కొన్ని వారాల్లో చేతికొస్తుంది. ఒప్పుకున్న లెక్క ప్రకారం, ఒప్పుకున్న రోజున, విరక్కుండా, చెమ్మెక్కకుండా పెళ్లివారింట్లో దించడం మాత్రం వేరే పని. డబ్బు మిగిలేదీ పోయేదీ అక్కడే.

మనది చెరకు ప్రాంతం. గోవాడ షుగర్ ఫ్యాక్టరీ పక్కనే ఉంది, దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లి దగ్గరే ఉంది. అందుకని చాలామందికి మొదట తట్టే ఆలోచన, బెల్లంతో చిలకలు చేస్తే కొత్తగా ఉంటుంది, ఆరోగ్యమని చెప్పి నాలుగు రూపాయలు ఎక్కువకి అమ్మొచ్చు అని. ఆ ఆలోచనతో మొదలుపెట్టకండి. బెల్లంలో పలుకు కట్టని చక్కెరలు, అంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఎక్కువగా ఉంటాయి. అవి గాలిలో తేమను లాగుతాయి. అచ్చులోంచి బాగానే వచ్చిన బెల్లం చిలక వానాకాలంలో సాయంత్రానికల్లా ముక్కు జారి, మెడ వంగి, పక్కదానికి అతుక్కుంటుంది. తెల్ల పంచదార గట్టిగా, పొడిగా నిలబడేది అందులో దాదాపు అంతా సుక్రోజే కాబట్టి. వ్యాపారం నిలదొక్కుకున్నాక బెల్లంతో ప్రయోగాలు చేసుకోవచ్చు. మొదటి సీజన్‌కి పంచదారే.

పాకం సంగతికొద్దాం, సరుకు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. కిలో పంచదారకి 300 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో పంచదార పూర్తిగా కరిగాక మరగనిచ్చి, రెండు మూడు చెంచాల పాలు పోయండి. పాలు విరిగి మడ్డినంతా పైకి తెస్తాయి. దాన్ని గరిటెతో తీసేసి, పాకాన్ని పలుచటి బట్టలో వడగట్టండి. ఈ ఒక్క పని బద్ధకించినవాళ్ల చిలకలు బూడిద రంగులో ఉంటాయి. అలా ఉంటే పెళ్లివారు పాత సరుకు అనుకుంటారు, మీరు ఎంత చెప్పినా నమ్మరు.

వడగట్టిన పాకాన్ని ఒకేసారి మొత్తం ముదర పెట్టకండి. అరకిలో చొప్పున చిన్న గిన్నెలోకి తీసుకుని, ఒక్కో వాయి వేరుగా కాయండి. నీళ్లలో చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. చేతి అంచనా మీద అంతా వదిలేయకుండా ఒక థర్మామీటర్ కొనుక్కోండి. 115 నుంచి 118 డిగ్రీల సెల్సియస్ మధ్య దించాలి. దించాక గరిటె వెనక వైపుతో పాకాన్ని గిన్నె అంచుకి వేసి రుద్దాలి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. కాసేపటికి గరిటె తగిలిన చోట పాలరంగు చార ఒకటి పడుతుంది, రుద్దేకొద్దీ ఆ తెలుపు గిన్నె మొత్తానికి పాకుతుంది, గరిటె కాస్త బరువెక్కినట్టు చేతికి తెలుస్తుంది. పోయాల్సింది అప్పుడే. కొన్ని సెకన్లు ఆలస్యమైతే గిన్నెలోనే గడ్డ కడుతుంది, నీళ్లు పోసి మళ్లీ మొదటి నుంచి కాయాలి. తొందరపడి తెల్లబారకముందే పోస్తే చిలక గాజులా మెరుస్తూ అచ్చుకి పట్టేసుకుంటుంది, ఊడదీస్తే సగం అచ్చులోనే ఉండిపోతుంది. ఫోన్ మోగినా, తలుపు కొట్టినా ఆ కాసేపు గిన్నె వదలకూడదు. అందుకే ఈ పనికి ఇద్దరుండాలి. ఒకరు పాకం పడితే ఇంకొకరు అచ్చులు సిద్ధం చేస్తారు. ఒంటరిగా చేస్తున్నవాళ్లు పెద్ద ఆర్డర్లు ఒప్పుకోవద్దు.

నిమ్మరసం గురించి ఒక హెచ్చరిక. పలుకు మరీ బరకగా రాకుండా కిలోకి నాలుగైదు చుక్కలు వేసేవాళ్లున్నారు. అంతవరకు ఫరవాలేదు. మంచిదే కదా అని అర చెక్క పిండితే, ఆ పులుపుకి వేడికి పంచదార విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారుతుంది. అంటే బెల్లంలో ఉన్న ఇబ్బందిని మీరే తెచ్చిపెట్టుకున్నట్టు. విరిగిన చిలకల్ని మళ్లీ కరిగించి పోసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది, కాచిన ప్రతిసారీ కొంత విడిపోతుంది, రంగు పచ్చబారుతుంది. విరిగినవాటిని ఒక్కసారి కరిగించి రంగు చిలకలకి వాడండి. రెండోసారి విరిగితే ఇంట్లో టీకి వాడుకోండి, ఆర్డరులో కలపొద్దు.

ఇంకో మాట, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 115 డిగ్రీల పాకం చర్మానికి అంటుకుపోతుంది, మరిగే నీళ్లలా జారిపోదు. అందుకే కాలిన గాయం లోతుగా పోతుంది. పాకం పట్టే గదిలోకి పిల్లల్ని రానివ్వకండి. పక్కనే బకెట్ నీళ్లు ఉండాలి. చేతి మీద పడితే వెంటనే కొళాయి కింద పెట్టి ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పారనివ్వండి, పేస్టులూ ఇంకులూ పూయకండి. పెద్ద గాయమైతే ఆసుపత్రికి వెళ్లండి. ఆర్డరు కోసం ఆగొద్దు.

అచ్చులు కొయ్యవే మంచివి. టేకు చెక్కలో చెక్కినవి బాగా మన్నుతాయి. ఏటికొప్పాక మన జిల్లాలోనే ఉంది కదా, అక్కడ చేయించుకుందామని కొందరు అంటారు. అక్కడి బొమ్మలు అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క పట్టించి చేసేవి. మనకి కావలసింది లోపలికి చెక్కుడు పని. తలుపులకీ ద్వారబంధాలకీ పువ్వులు చెక్కే వడ్రంగిని పట్టుకోండి. ఒక పాత అచ్చు నమూనాగా ఇచ్చి, ఒక్కటే చేయించి, పోసి చూశాక మిగతావి చెప్పండి. మెడ, తోక, ముక్కు అనే మూడు చోట్లే చిలక విరుగుతుంది. మెడ మందంగా, తోక దిమ్మెకి ఆని ఉండేలా, ముక్కు రొమ్ముకి దగ్గరగా వంగి ఉండేలా చెక్కించుకుంటే విరుగుడు చాలా తగ్గుతుంది. నెమలి, ఏనుగు, గుర్రం, చేప అచ్చులు కూడా అడుగుతారు. ఏనుగు నిలబడుతుంది. గుర్రం కాళ్లు ఆటో ప్రయాణానికి ఆగవు. గుర్రం ఆర్డరు దూరానికైతే ఒప్పుకోకండి.

కొయ్య అచ్చుని ముందురోజు రాత్రి నీళ్లలో నానబెట్టాలి. నానిన కొయ్య పాకాన్ని పీల్చదు, ఆ తడి వల్లే చిలక తేలిగ్గా ఊడుతుంది. పోసే ముందు లోపల నిలిచిన నీటి చుక్కని బట్టతో అద్దండి, లేకపోతే అక్కడ చిలక ఒంటి మీద గుంట పడుతుంది. రెండు చెక్కల్నీ దారంతోనో గట్టి రబ్బరు బ్యాండుతోనో బిగించి కట్టాలి. పని అయ్యాక వేడినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే చెక్క వంగి, అతుకు దగ్గర పాకం కారడం మొదలవుతుంది. నూనె రాయకండి, కొన్నాళ్లకి ముక్క వాసన వస్తుంది, ఆ వాసన చిలకకి ఎక్కుతుంది.

మీరు ఎంత ఆర్డరు ఒప్పుకోగలరన్నది అచ్చుల సంఖ్యను బట్టే తేలుతుంది. లెక్క చూడండి. పది కిలోల ఆర్డరు వచ్చింది, చిలక ఒక్కోటి 50 గ్రాములు అనుకుందాం. అంటే 200 చిలకలు. మీ దగ్గర ఎనిమిది అచ్చులున్నాయి. ఇరవై అయిదు వాయిలు పోయాలి. పాకం కాయడం, పోయడం, ఆరనివ్వడం, ఊడదీయడం, అచ్చు మళ్లీ తడపడం కలిపి వాయికి ఇరవై నిమిషాలు పట్టినా ఎనిమిది గంటల పైనే. ఇంట్లో వంటా, పిల్లలూ, డ్యూటీ ఉన్నవాళ్లకి అది ఒక రోజులో అయ్యే పని కాదు. ఎనిమిది అచ్చులతో రోజుకి అయిదు కిలోలకి మించి మాటివ్వకండి. ఫోనులో ఆర్డరు వచ్చినప్పుడు సంతోషంలో సరే అనేస్తాం, చేతులు నొప్పి పెట్టేది తర్వాత.

ఇప్పుడు ధర. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు, బజారులో మిఠాయి కొట్టు ధర కనుక్కుని అంతకన్నా పది తగ్గించి చెప్పడం. కొట్టువాళ్లకి వేరేచోట నుంచి హోల్‌సేల్‌గా సరుకు వస్తుంది, మీది చేతి పని. అదే పది కిలోలకి లెక్క కడదాం, మీ ఊళ్లో ఉన్న రేట్లు వేసుకుని సరిచూసుకోండి. విరుగుడూ మడ్డీ పోను పది కిలోలు చేతికి రావాలంటే పదకొండు కిలోల పంచదార కావాలి. కిలో 45 చొప్పున 495 రూపాయలు. పాలు, రంగు, నిమ్మకాయ 40. గ్యాస్ 100. పెట్టెలు, బటర్ పేపర్ 150. ఇద్దరికి ఒక్కో పూర్తి రోజు కూలి, మనిషికి 500 చొప్పున 1,000. అచ్చుల అరుగుదలకి 65. మొత్తం 1,850, అంటే కిలో 185 పడింది. ఇందులో ఆటో ఖర్చు లేదు, లాభం లేదు. 150కి అమ్మినవాళ్లు తమ జేబులోంచి పంచదార ఖర్చు పెట్టుకోలేదు కాబట్టి లాభమే వచ్చిందనుకుంటారు. నిజానికి వాళ్లు పోగొట్టుకున్నది తమ కూలి. ఇంట్లో ఆడవాళ్ల కూలి లెక్కలోకి రాకపోవడం మనకి మామూలైపోయింది, వ్యాపారంలో దాన్ని కొనసాగించకండి. ఈ లెక్కకి 230, 240 చెప్పకపోతే ఆర్డరు వదిలేయడమే నయం.

పెళ్లివారు కిలోల్లో మాట్లాడరు. ఎన్ని ఇళ్లకి పంచాలి, ఇంటికి ఒకటా రెండా అని లెక్క వేస్తారు. నూట పదహారు కావాలంటారు. మీరు సంఖ్యా, బరువూ రెండూ చెప్పండి. 116 చిలకలు, ఒక్కోటి 50 గ్రాములు, మొత్తం 5 కిలోల 800 గ్రాములు. అలా చెప్పకపోతే దించేరోజు గొడవ ఖాయం. వాళ్ల మనసులో పిడికెడంత చిలక ఉంటుంది, మీ అచ్చులోంచి అందులో సగం వస్తుంది. అందుకని ఆర్డరు తీసుకునేటప్పుడే ఒక చిలకని చేతిలో పెట్టి చూపించండి. ఈమధ్య షుగరు ఉన్నవాళ్లు ఎక్కువై చాలామంది చిన్న చిలకలే అడుగుతున్నారు. 25 గ్రాముల అచ్చు ఒక సెట్టు ఉంచుకుంటే మంచిది. కాని గుర్తుంచుకోండి, చిలక సగమైనా పని సగం కాదు. చిన్న చిలకలకి కిలో ధర ఎక్కువ చెప్పాలి.

అడ్వాన్సు సగం తీసుకోండి. బంధువులైనా తీసుకోండి. "మనలో మనకి అడ్వాన్సేంటమ్మా" అని పిన్నిగారో వదినగారో అంటే, "పంచదారా పెట్టెలూ కొనాలి కదా వదినా, అందుకే" అని నవ్వుతూ చెప్పండి. తేదీ, సమయం, సంఖ్య, బరువు, రంగులు, బాకీ ఎంత అన్నది వాట్సాప్‌లో రాసి పంపి, సరే అని జవాబు తెప్పించుకోండి. సారె రోజు ఇంట్లో పదిమంది ఉంటారు, ఆర్డరిచ్చినావిడ పూజలో ఉంటుంది, సరుకు దించుకునేది ఇంకెవరో. బాకీ సంగతి ఆ మూడో మనిషికి తెలియదు. ముందురోజే ఫోన్ చేసి, దించేటప్పుడు ఎవరు డబ్బిస్తారో అడిగి పెట్టుకోండి. మిఠాయి కొట్లకి అరువు మీద సప్లై చేయమని కూడా వస్తారు. మొదటి సీజన్‌లో ఒక్క కొట్టుకి, చేజారినా తట్టుకోగలిగినంత సరుకే ఇవ్వండి. పాత బిల్లు తీరాకే కొత్త సరుకు.

రంగుల విషయంలో రాజీ పడొద్దు. సంతలో పొట్లాల్లో దొరికే గులాబీ రంగు పొడి చవక, మెరుస్తుంది. అందులో రోడమిన్-బి ఉండే ప్రమాదం ఉంది, అది బట్టలకీ కాగితాలకీ వేసే రంగు. పీచు మిఠాయిలో అది బయటపడటంతోనే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ఆ మిఠాయి అమ్మకాన్నే నిషేధించింది. మీ సరుకు తినేది ఊళ్లో పిల్లలు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉన్న సీలు డబ్బాలోని ఫుడ్ కలరే కొనండి, బిల్లు దాచండి. అనుమతించిన కృత్రిమ రంగు కూడా కిలో మిఠాయికి 100 మిల్లీగ్రాములు దాటకూడదు. చిటికెడుతో ఆ లెక్క కుదరదు. ఒక గ్రాము రంగుని కాచి చల్లార్చిన 100 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి పెట్టుకోండి. అందులో 10 మిల్లీలీటర్లు కిలోకి గరిష్ఠం. సగం వేసినా చిలక చక్కటి లేతరంగులో వస్తుంది. ఒళ్లంతా తెల్లగా ఉంచి ముక్కుకీ కంటికీ మాత్రం రంగు అద్దితే ఇంకా అందంగా ఉంటుంది, ఖర్చూ తక్కువ.

ఇంట్లో చేసినా ఆహార వ్యాపారమే కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పదు. 2011 నిబంధనలు వచ్చినప్పుడు ఏడాది టర్నోవరు 12 లక్షలు దాటని చిన్నవాళ్లకి బేసిక్ రిజిస్ట్రేషన్ చాలన్నారు, ఫీజు ఏడాదికి 100 రూపాయలుగా పెట్టారు. ఇప్పటి పరిమితి, ఫీజు దరఖాస్తు చేసేటప్పుడు చూసుకోండి. ఫోస్కోస్ పోర్టల్‌లో ఫోటో, గుర్తింపు కార్డుతో దరఖాస్తు చేయొచ్చు. వేలకి వేలు అడిగే మధ్యవర్తుల చేతిలో పెట్టకండి. వచ్చిన 14 అంకెల నంబరు, సరుకు పేరు, వాడినవి, బరువు, తయారైన తేదీ, మీ చిరునామా పెట్టె మీద ఉండాలి. ఆ లేబులు లేకపోతే విశాఖలో ఏ సూపర్ మార్కెట్టూ మీ పెట్టెని తీసుకోదు.

ఇక తేమ. మన దగ్గర సారెలు జోరుగా నడిచే ఆషాఢ, శ్రావణాలు సరిగ్గా వానలు పడే నెలలు. గిరాకీ, చెమ్మ కలిసే వస్తాయి. వాన పడుతున్న పూట కొత్త వాయి మొదలుపెట్టొద్దు. ఊడదీసిన చిలకల్ని గాలి ఆడే గదిలో బట్ట మీద పరిచి, పూర్తిగా చల్లారి ఆరాకే గాలి చొరని స్టీలు డబ్బాలో బటర్ పేపర్ వరసల మధ్య పెట్టండి. వెచ్చగా ఉండగా మూత పెడితే లోపలే ఆవిరి పట్టి పై వరస కరుగుతుంది. ఫ్రిజ్‌లో అసలు పెట్టకండి, బయటికి తీయగానే ఒళ్లంతా నీరు పడుతుంది. డబ్బాలు నేల మీద కాకుండా బల్ల మీద ఉంచి, బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెడితే చీమల బెడద ఉండదు. పాలు, కోవా కలిసిన కుందేలు బొమ్మలూ పిల్లి బొమ్మలూ పుట్టినరోజులకి అడుగుతారు. అవి రెండు రోజులు కూడా గ్యారంటీ లేని సరుకు, చిలకలతో కలిపి ఒకే ఆర్డరులో మొదట్లో పెట్టుకోకండి.

అనకాపల్లి ఆటోలో, విశాఖ బస్సులో వెళ్లాల్సిన సరుకుని చిలకకొక కాగితం చుట్టి, తలలన్నీ ఒకే వైపు ఉండేలా పడుకోబెట్టి, ఖాళీల్లో కాగితం ముక్కలు కుక్కండి. నిలబెట్టి సర్దితే ముక్కులు విరుగుతాయి. పెట్టె ఊపి చూసినప్పుడు లోపల చప్పుడు రాకూడదు. లడ్డూలూ కాజాలూ ఉన్న పెట్టెలో చిలకల్ని పెట్టనివ్వకండి, నెయ్యి మరక పడితే పోదు. ఎంత జాగ్రత్త పడ్డా వందకి అయిదు ఎక్కువే వేయండి. ఆ అయిదూ విరగకుండా చేరితే పెళ్లివారికే వదిలేయండి.

ఉద్యోగం మానేసి దీన్లోకి దిగాలా అని అడిగేవాళ్లకి నా జవాబు, రెండు పెళ్లిళ్ల సీజన్లు చూశాక ఆలోచించండి. ముందు పంచాంగం కొనుక్కుని ఏడాదిలో మూఢం ఎప్పుడు, శూన్యమాసాలు ఎప్పుడు అన్నది గుర్తు పెట్టుకోండి. పుష్యంలోనూ భాద్రపదంలోనూ సారె ఆర్డర్లు దాదాపు ఉండవు. ఆ నెలల్లో అద్దె, చీటీ, పిల్లల ఫీజు ఎక్కడి నుంచి వస్తాయో కాగితం మీద రాసుకుని, ఆ డబ్బు చేతిలో ఉన్నప్పుడే జీతం వదలండి. అనకాపల్లి నూకాంబిక జాతర కొత్త అమావాస్యకి మొదలై నెల పాటు నడుస్తుంది, అక్కడ విడిగా అమ్మే చిలకలకి గిరాకీ ఉంటుంది. కాని చేతిలో మోసుకెళ్లి అమ్మే సరుకుకి విరుగుడు ఎక్కువ, కాబట్టి చిన్న అచ్చులే తీసుకెళ్లండి. దగ్గర్లోని మాడుగులలో హల్వా ఒక్కటే చేస్తూ తరాలుగా బతుకుతున్న కుటుంబాలు ఉన్నాయి. వాళ్లని చూసి ఉత్సాహపడటం మంచిదే. వాళ్లు ఏటా అదే సరుకు, అదే రుచిలో, ఊరు దాటి పార్సిల్ వెళ్లినా పాడవకుండా ఇస్తున్నారన్నది కూడా చూడండి.

లోను విషయానికొస్తే, మొదటి సీజన్‌కి అప్పు అక్కర్లేదు. ఎనిమిది అచ్చులు, ఒక థర్మామీటర్, గ్రాముల త్రాసు, నాలుగు స్టీలు డబ్బాలు సమకూరితే పని నడుస్తుంది. ఆర్డర్లు తిరగ్గొట్టాల్సి వస్తున్నప్పుడు, అంటే చేతులు చాలక కాదు అచ్చులూ జాగా చాలక వదులుకుంటున్నప్పుడు, గ్రూపుతో కలిసి అప్పుకి వెళ్లండి. 2020లో కేంద్రం తెచ్చిన చిన్న ఆహార యూనిట్ల పథకం, పీఎంఎఫ్‌ఎంఈ, ఖర్చులో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షల వరకు అన్న లెక్కతో మొదలైంది. సబ్సిడీ అనగానే మెషిన్ల కొటేషన్లు పట్టుకుని ఏజెంట్లు వస్తారు. చిలకలకి పెద్ద మెషిన్ అక్కర్లేదు, ఆ కొటేషన్‌లోని మిగతా 65 శాతం మీరు కట్టుకోవాల్సిందే. బ్యాంకుకి వెళ్లేటప్పుడు వాట్సాప్‌లో ఉన్న ఆర్డర్లు, పంచదార బిల్లులు, దించిన తేదీలు ఒక నోటుబుక్కులో నెలవారీగా రాసి పట్టుకెళ్లండి. మేనేజరు ముందుగా అడిగేది అవే. ఆ పుస్తకం మొదటి ఆర్డరు రోజు నుంచే మొదలుపెట్టాలి, తర్వాత కూర్చుని రాసింది చూడగానే తెలిసిపోతుంది.